జనవరి కాదు, ఆగస్టు

ఫోను మోగే సమయానికి నెరెయిదా చేతుల్లో దోన్ బాల్డెరాస్ చెయ్యి ఉంది. డయాలిసిస్ యంత్రం నుంచి మనిషిని విడదీశాక సూది దిగిన చోట గాజుగుడ్డ పెట్టి పది నిమిషాలు అదిమి పట్టాలి. ఆ పది నిమిషాలూ ఆకాశం విరిగి మీద పడినా చెయ్యి తియ్యకూడదు. జేబులో ఫోను మాత్రం బోనులో పడ్డ ఎలుకలా గింజుకుంటోంది.

"ఎత్తమ్మాయ్," అన్నాడు ముసలాయన. "పొద్దుట్నించీ నీ చూపంతా ఆ జేబు మీదే ఉంది. నాకు సూది గుచ్చేటప్పుడైనా నా చేతికేసి చూశావో లేదో!"

"చూడకపోతే ఈపాటికి మీరు ఇంత మాట్లాడేవారా?"

"ఎవడే వాడు?"

"వాడు కాదు దోన్ బాల్డెరాస్, మెడికల్ కాలేజీ."

"అయితే నా చెయ్యి ఒదిలెయ్. పోతే పావు లీటరు పోతుంది, డాక్టరుగా తిరిగొచ్చి కుట్లేద్దువు గాని."

ఆవిడ నవ్వింది గానీ చెయ్యి తియ్యలేదు. గోడ గడియారంలో ముల్లు పది గీతలు దాటేసరికి ఆమె ముఖాన చెమట పట్టింది. ఆగస్టు నుంచీ ఎదురుచూస్తోంది ఈ పిలుపు కోసం. ఇప్పుడు అక్టోబరు. కూతురు ఇట్సెల్ అయితే రోజూ బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ దించకముందే, "వచ్చిందా?" అని అడుగుతుంది. నెరెయిదా తల్లి ఎర్లిందా అడగదు. వంటింట్లోంచి తొంగి చూసి కూతురి ముఖం చదివి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోతుంది.

కట్టు కట్టి, చేతులు కడుక్కుని, మందుల గదిలోకి దూరి ఫోను చేసింది. పదకొండూ నలభై అయింది.

"నెరెయిదా కవాసోస్ గారా? నేను మిస్ వాట్లీని, ప్రవేశాల ఆఫీసు నుంచి," అంది అవతల ఒక పెద్దావిడ. ఉత్తర టెక్సాస్ యాస, సాగదీసి, తీరిగ్గా. "ముందు మంచి మాట చెబుతా. కమిటీలో ఇద్దరు మీ దరఖాస్తు చదివి మిమ్మల్ని ఇంటర్వ్యూకి పిలవాలన్నారు."

నెరెయిదా అక్కడున్న గ్లవ్స్ పెట్టె మీద కూలబడింది. పెట్టె నొక్కుకుపోయింది.

"ఇంకో మాట ఉంది. మీరు పాత గ్రేడులు పక్కన పెట్టమని కోరారు కదా. మీ విశ్వవిద్యాలయం పంపిన కాగితంలో మీరు మళ్ళీ చేరింది జనవరి అని ఉంది. జనవరి నుంచి పదేళ్ళు వెనక్కి లెక్కేస్తే మీ మొదటి టర్ము ఒక్కటే పక్కకి పోతుంది. రెండో టర్ము లెక్కలోకొస్తుంది."

"మొదటి టర్ములో నాకు రెండు 'ఏ'లు, మూడు 'బీ'లు వచ్చాయండీ."

"అవును, నా ముందరే ఉన్నాయి."

"రెండో టర్ములో ఐదు ఎఫ్‌లు."

"అవునండీ."

"అంటే మంచివి పోయి చెడ్డవి మిగులుతాయా?"

అవతల కాసేపు కాగితాల చప్పుడు. "లెక్క అలాగే వస్తోంది. ఆ ఐదూ లేకపోతే మీ సగటు నాలుగుకి మూడు పాయింటు ఎనభై ఆరు. అవి కలిస్తే మూడు పాయింటు నలభై మూడు. మూడున్నరకి తక్కువైతే మా దగ్గర ఇంటర్వ్యూకి పిలవరు."

"నేను చేరింది జనవరి కాదు మిస్, ఆగస్టు! తప్పు పడింది!"

"అయ్యుండొచ్చు. అలాగని మీ విశ్వవిద్యాలయం సీలు వేసి రాసిస్తే నేను మారుస్తాను. ఇవాళ అయిదింటికి జాబితా మూసేస్తాను, సోమవారం కమిటీ ముందుకి వెళుతుంది. అయిదంటే అయిదే, నా గడియారం ముందుకీ నడవదు, వెనక్కీ నడవదు."

ఫోను పెట్టేసింది. నెరెయిదా గ్లవ్స్ పెట్టె మీదనుంచి లేవలేదు. గుండె మాత్రం ఆమెకంటే ముందే లేచి వాకిట్లోకి పరిగెత్తింది.

పద్దెనిమిదేళ్ళప్పుడు సాన్ పెర్ఫెక్టోలోని విశ్వవిద్యాలయంలో చేరింది నెరెయిదా. కవాసోస్ వాళ్ళింట్లో అంతకుముందు ఆ గడప తొక్కినవాళ్ళు లేరు. తల్లి ఎర్లిందా ఉల్లిపాయల షెడ్డులో మూటలు కట్టేది. ఎన్ని నిమ్మకాయలు రుద్దినా ఆవిడ వేళ్ళ వాసన పోయేది కాదు. మొదటి టర్ములో జీవశాస్త్రంలో 'ఏ' వచ్చిందని కూతురు కాగితం తెస్తే ఎర్లిందా దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. రెండో టర్ముకి నెరెయిదాకి మూడో నెల. వాంతులతో తల ఎత్తలేకపోయింది, దానికి కారణమైన కుర్రాడు మొహం చాటేశాడు, తరగతులకు వెళ్ళడం మానేసింది.

మానేస్తే పేరు దానంతటదే రాలిపోతుందనుకుంది. షెడ్డులో అంతే. రెండు రోజులు రాకపోతే మేస్త్రీ ఇంకొకరిని పెట్టుకుంటాడు, అక్కడితో సరి. చదువు మానడానికి కూడా ఒక కాగితముంటుందని, దాని మీద సంతకం చేసి కిటికీలో ఇవ్వాలని, ఇవ్వకపోతే మనిషి లేని బెంచీ మీద పేరొక్కటీ కూర్చుని పరీక్షనాడు సున్నా తెచ్చుకుంటుందని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? మే నెలలో ఐదు ఎఫ్‌లు వచ్చాయి. ఆగస్టులో ఇట్సెల్ పుట్టింది. ఎఫ్‌ల కాగితాన్ని ఎర్లిందా నాలుగు మడతలు పెట్టి ఎక్కడో దాచేసింది. 'ఏ' వచ్చిన కాగితం మాత్రం ఫ్రిజ్ మీదే ఉండిపోయింది.

ఆ రాష్ట్రంలో ఒక నియమముంది. చదువు వదిలేసి చాలాకాలానికి తిరిగొచ్చినవాళ్ళు అడిగితే, కొత్తగా చేరే టర్ముకి పదేళ్ళు నిండిన పాత గ్రేడులన్నీ పక్కన పెడతారు. కావలసినవి ఉంచుకుని అక్కర్లేనివి తీసెయ్యమంటే కుదరదు. పదేళ్ళు నిండినవి మంచివైనా చెడ్డవైనా కట్టగట్టుకుని పోవలసిందే. నెరెయిదా ఆ సంగతి విన్న మర్నాడే పరుగున వెళ్ళి చేరింది. అది జనవరి.

అయిదో రోజున రికార్డుల ఆఫీసు నుంచి మిస్ ఒరాలియా కబురుపెట్టింది. ఆ కిటికీలో పాతికేళ్ళకు పైగా కూర్చున్న మనిషి. నల్ల గొలుసుకి వేలాడే కళ్ళజోడు, రాళ్ళు పొదిగినట్టు మెరిసే గోళ్ళు.

"నీ పేరు తీసేస్తున్నా," అందావిడ.

"అయ్యో, ఎందుకు మిస్?"

"తల్లీ, వేళ్ళు మడిచి లెక్కపెట్టు. నీ 'ఏ'లకి పదేళ్ళు నిండాయి. నీ సున్నాలకి ఇంకా నిండలేదు, మే నెల దాకా ఆగాలి. ఇప్పుడు కూర్చున్నావా, 'ఏ'లు చస్తాయి, సున్నాలు బతుకుతాయి. ఆగస్టులో రా. అన్నీ కలిసి ఒకే గోతిలోకి పోతాయి."

నెరెయిదా ఆ కిటికీ ముందే ఏడ్చింది. అప్పటికే వారం రోజుల పాఠాలు రాసుకుంది. కొత్త పెన్సిళ్ళు కొనుక్కుంది. మిస్ ఒరాలియా ఒక కాగితం ముందుకు తోసింది. "ఏడుపు తరవాత. ముందు సంతకం పెట్టు. అప్పట్లా చెప్పకుండా పారిపోకు, ఈసారి కాగితం రాసి వెళ్ళు."

రాసి వెళ్ళింది. ఆగస్టులో తిరిగొచ్చింది, నాలుగేళ్ళకి డిగ్రీ చేతికొచ్చింది. ఆ కాగితం ఇప్పుడెక్కడుంది?

రెండున్నరకి ఆఖరి రోగిని యంత్రం నుంచి విడదీసేదాకా డయాలిసిస్ కేంద్రం వదలడానికి వీల్లేదు. ఆ మూడు గంటలూ నెరెయిదా రక్తపోటు రాసిన ప్రతిచోటా ముందు తేదీ రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది. మధ్యలో తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, నా కాగితాలన్నీ ఎక్కడ పెట్టావు?"

"బిస్కట్ల డబ్బాలో."

"తియ్యి. రెండోసారి చేరిన ఆ జనవరిలో నేను చదువు మానినట్టు సంతకం పెట్టిన కాగితం ఉందేమో చూడు."

డబ్బా మూత ఊడిన చప్పుడు. "ఇట్సెల్ టీకాల కాగితం... మీ నాన్న డ్రైవింగ్ లైసెన్సు... దారపు ఉండ... ఇదేంటి, నీ పాలపన్ను. ఇక్కడున్నాయే ఆ ఐదు! నాలుగు మడతల్లో."

"అవి కాదమ్మా!"

"తెలుసులేవే. మానినట్టు కాగితం లేదు. నువ్వు కిటికీలో ఇచ్చొచ్చావు కదా, రెండోది ఎవరిచ్చారు నీకు? అసలేమైంది?"

చెప్పింది. ఎర్లిందా డబ్బా మూత గట్టిగా మూసిన చప్పుడు వినిపించింది. తరవాత, "అంటే ఇప్పుడు వాళ్ళు ఫ్రిజ్ మీదున్న 'ఏ'ని కొట్టేసి, డబ్బాలో ఉన్న ఎఫ్‌లని పట్టుకుంటారా?" అంది.

"అంతే."

"వాళ్ళ అమ్మకడుపు కాలా! నేను పదిహేనేళ్ళుగా మడతలు విప్పకుండా దాచింది వాళ్ళకెలా దొరికిందే? పో, ఆ ఒరాలియాని పట్టుకో. అది ఏ కాగితాన్నీ పారెయ్యదు, దాని మొహం చూస్తేనే తెలుస్తుంది."

రెండూ ముప్ఫై ఎనిమిదికి నెరెయిదా తన పికప్ ట్రక్కు ఎక్కింది. నీలం యూనిఫాం జేబులో ఇంకా తెల్లటేపు చుట్ట ఉంది. పత్తి చేల మధ్య రోడ్డు సూటిగా పోతోంది. ఆ అరగంటలో ఆ ట్రక్కు ఎంత వేగంగా పోయిందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

రికార్డుల ఆఫీసు కిటికీలో ఇప్పుడు కసాండ్రా అనే పాతికేళ్ళ అమ్మాయి ఉంది. కంప్యూటర్లో పేరు కొట్టింది. కనుబొమలు దగ్గరికి తెచ్చింది.

"చేరిన టర్ము జనవరి అనే ఉంది మిస్."

"జనవరిలో చేరి మానేశాను. తరగతులు మొదలైన పన్నెండో రోజుకి ముందే మానేశాను. ఆగస్టులో చేరాను. నా తరగతులన్నీ ఆగస్టు నుంచే ఉన్నాయి చూడండి!"

"ఉన్నాయి. కానీ పన్నెండో రోజులోపు మానేస్తే ఇందులో ఆనవాలు కూడా ఉండదు. అసలు అడుగే పెట్టనట్టు. అది మీ మంచికే పెట్టిన పద్ధతి."

"ఆ మంచితనం తగలెయ్య!" అంది నెరెయిదా.

కసాండ్రాకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "ప్రవేశం తేదీ మాత్రం మొదటిసారి ఎక్కించినదే ఉండిపోయింది. దాన్ని నేను ఊరికే మార్చలేను. మీరు జనవరిలో మానినట్టు సంతకం చేసిన అసలు కాగితం కావాలి. అది దొరికితే అయిదు నిమిషాల పని."

"అది మిస్ ఒరాలియాకి ఇచ్చాను."

"అలా చెప్పండి." ఆ అమ్మాయి వెనక్కి తిరిగి ఒక తలుపు చూపించింది. "ఆవిడ పాత కాగితాలన్నీ ఆ గదిలో ఉన్నాయి. ఆకుపచ్చ బీరువాలు పదకొండు. మీ పేరుతో ఇప్పుడే చూసొస్తానుండండి."

మూడూ ఇరవై. కసాండ్రా 'క' అక్షరం సొరుగు లాగింది, లేదు. ఆ సంవత్సరం జనవరి సొరుగు లాగింది, ఉన్న కాగితాల్లో ఒకటీ నెరెయిదాది కాదు. తిరిగొచ్చి చేతులు దులుపుకుంది. "ఆవిడ పద్ధతి ఆవిడకే తెలుసు. రిటైరయ్యి ఏడాది దాటింది. ఫోను చేద్దామంటే శుక్రవారం మధ్యాహ్నం ఎత్తదు."

"ఏం?"

"డాన్సుకి వెళుతుంది. సాన్ హసింతో హాలు, నీళ్ళ ట్యాంకు పక్కన. అయిదింటిదాకా అకార్డియన్ మోగుతూనే ఉంటుంది. నాకైతే కిటికీ వదిలి రావడానికి లేదు, మీరు..."

మిగతా మాట వినడానికి నెరెయిదా అక్కడ లేదు.

హాలు తలుపు తియ్యగానే అకార్డియన్ మోత ముఖాన కొట్టింది. లోపల యాభై జంటలున్నాయి, అందరూ అరవై దాటినవాళ్ళే. తెల్ల టోపీలు, మెరిసే బూట్లు, పూల గౌన్లు, గోడవారన మడత కుర్చీల మీద చేతిసంచులు. అందరూ గది చుట్టూ ఒకే దిక్కుకి, గానుగెద్దుల్లా కాదు, ఉత్సవంలో రథాల్లా తిరుగుతున్నారు. మధ్యలో ఎర్రగౌను వేసుకుని, గొలుసు కళ్ళజోడు వీపు మీదకి ఎగురుతుంటే, ఒక పొట్టి ముసలాయన్ని బొంగరంలా తిప్పుతున్నది మిస్ ఒరాలియానే.

"మిస్! మిస్ ఒరాలియా!"

"పాట అయ్యాక!" అంది ఆవిడ తిరుగుతూ, ఎవరో కూడా చూడకుండా.

"పాట అయ్యేలోగా నా బతుకైపోతుంది మిస్!"

ఆ మాటకి ముసలాయన అడుగు తడబడింది. ఒరాలియా ఆయన్ని పక్కనున్న కుర్చీ దగ్గరికి నడిపించి, "లిబోరియో, ఊపిరి పీల్చుకో," అని, నెరెయిదా చెయ్యి పట్టుకుని వలయంలోకి లాగేసింది. "నిలబడితే వెనకవాళ్ళు తొక్కేస్తారు. నడుస్తూ చెప్పు. ఎడమ కాలు ముందు. నర్సువా?"

"డయాలిసిస్ టెక్నీషియన్ని. నెరెయిదా కవాసోస్. అయిదేళ్ళ కిందట జనవరిలో మీరు పేరు తీసేశారు..."

ఒరాలియా కళ్ళు చిన్నవయ్యాయి. రెండు అడుగులు వేశాక పెద్దవయ్యాయి. "కొత్త పెన్సిళ్ళ పిల్లవి! కిటికీ అద్దమంతా కన్నీళ్ళు చేశావు, సాయంత్రం నేనే తుడిచాను. ఏమయ్యావు? డిగ్రీ అయిందా?"

"అయింది. మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూకి పిలుస్తోంది. అయితే మీ రికార్డులో నేను జనవరిలో చేరినట్టుంది, మీరు చెప్పినట్టే 'ఏ'లు చచ్చి సున్నాలు బతికాయి. అయిదింటిలోపు..."

ఒరాలియా ఆగిపోయింది. వెనకనుంచి వచ్చిన జంట ఆవిడకి గుద్దుకుంది. "కళ్ళు లేవా ఒరాలియా!" అన్నారెవరో.

"లేవు!" అని అరిచిందావిడ. ముఖం పాలిపోయింది. "జనవరిలో నిన్ను ఎక్కించింది నేను. తీసేసింది నేను. తరగతులు తీశాను గానీ ప్రవేశం తేదీ... అమ్మో, ఆ తేదీ మార్చలేదు తల్లీ. ముప్ఫై ఏళ్ళలో నా చేతి మీదుగా తప్పు పోలేదని రిటైరైన రోజు కేకు కోసి మరీ చెప్పానే!"

"కాగితం ఉందా మిస్?"

"కాగితమా?" ఆవిడ అప్పటికే చేతిసంచి తీసుకుని తలుపు వైపు నడుస్తోంది. "మనుషులు పోతారు గానీ నా కాగితాలు పోవు. లిబోరియో! తరవాతి పాట నాకుంచు, ఎవతెతోనూ ఆడకు!"

ట్రక్కులో ఆవిడ ఎర్రగౌను సగం తలుపులో ఇరుక్కుంది. సాన్ పెర్ఫెక్టోలో ఉన్న రెండు ట్రాఫిక్ దీపాలూ ఆ పూట ఎర్రగానే ఉన్నాయి. రెండో దీపం దగ్గర నెరెయిదా స్టీరింగు మీద వేళ్ళతో కొడుతుంటే ఒరాలియా ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అప్పుడు నా మీద కోపమొచ్చిందా?"

"ఎనిమిది నెలలు తిట్టుకున్నాను మిస్."

"తిట్టి ఏం చేశావు?"

"పెన్సిళ్ళు ఇట్సెల్‌కి ఇచ్చేసి, లైబ్రరీ నుంచి రసాయన శాస్త్రం పుస్తకం తెచ్చుకుని మొత్తం చదివేశాను. ఆగస్టుకి ముందే సగం వచ్చేసింది."

"మరి ఆ ఎనిమిది నెలలు నాకు బాకీ ఉన్నావన్నమాట," అంది ఒరాలియా. దీపం పచ్చబడింది.

నాలుగూ పదిహేను. ఆవిడ ఎర్రగౌనుతో ఆఫీసులోకి వస్తే కసాండ్రా లేచి నిలబడింది. ఆకుపచ్చ బీరువాల గది తలుపు తియ్యగానే ఒరాలియా తిన్నగా మూడో బీరువా దగ్గరికి నడిచి, కింది సొరుగు కాలితో తన్నింది. అది కీచుమంటూ తెరుచుకుంది.

"అందులో చూడలేదు మిస్," అంది కసాండ్రా. "అది ఆగస్టు సొరుగు. మానింది జనవరిలో కదా."

"మానిన తేదీతో నాకేం పనే? మానినవాళ్ళు మానిన నెలలోనే ఉండిపోతారా? ఎప్పుడొస్తానన్నారో ఆ నెలలో పెట్టేదాన్ని. ఆ నెల రాగానే సొరుగు తీసి, రానివాళ్ళకి ఫోను చేసేదాన్ని." ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. గౌను నేలంతా పరుచుకుంది. గోళ్ళతో కాగితాలు చకచకా తిప్పింది. "కాన్తూ... కార్డెనాస్... కాస్తియో... ఇదిగో నా బంగారం!"

పసుపుపచ్చ కాగితం. మూల మీద నీటి మరక. కింద సంతకం, ఇరవై ఎనిమిదేళ్ళ నెరెయిదాది, 'కవాసోస్' చివర్లో వంకర పోయి. పైన గుండ్రటి ముద్ర, జనవరి తేదీతో. దాని పక్కనే ఒరాలియా చేతిరాత: 'ఆగస్టులో వస్తుంది'.

నెరెయిదా ఆ కాగితాన్ని ముట్టుకోవడానికి భయపడింది. మొదటిసారి తాను రాసివ్వనందుకు ఐదు ఎఫ్‌లు తెచ్చిపెట్టింది అలాంటి కాగితమే. రెండోసారి ఏడుస్తూ ఇచ్చినది అదే.

కసాండ్రా తేదీ మార్చింది. కంప్యూటరు ఆలోచించింది. మళ్ళీ ఆలోచించింది. తెర తెల్లబోయింది.

"శుక్రవారం సాయంత్రం ఇది ఇలాగే చేస్తుంది," అంది కసాండ్రా నీరసంగా.

"కాళ్ళు లాగుతాయేమో పాపం," అంది ఒరాలియా. "పక్కకి తప్పుకో." తాను వెళ్ళి కుర్చీలో కూర్చుంది, ఏడాది కిందటి మనిషిలా. తీగ పీకి, పది దాకా లెక్కపెట్టి, మళ్ళీ గుచ్చింది. నాలుగూ ముప్ఫై ఎనిమిది. నాలుగూ నలభై రెండుకి తెర తెలివిలోకి వచ్చింది. చేరిన టర్ము: ఆగస్టు. పక్కన పెట్టిన గ్రేడులు: పది. ప్రింటరు కాగితాన్ని నాలుక చాపినట్టు బయటకి తోసింది. కసాండ్రా సీలు వేసింది. సీలు మరీ లేతగా పడిందని ఒరాలియా లాక్కుని, బల్ల అదిరేలా మళ్ళీ వేసింది.

నాలుగూ నలభై తొమ్మిదికి ఉత్తరం మిస్ వాట్లీకి ఈమెయిల్లో వెళ్ళింది.

ముగ్గురూ ఫోను చుట్టూ నిలబడ్డారు. అది కిటికీ గట్టు మీద పడుకుని ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. నాలుగూ యాభై రెండు. బయట బస్సు వచ్చి వెళ్ళింది. నాలుగూ యాభై అయిదు. మోగింది. ముగ్గురూ ఒకేసారి ఎగిరిపడ్డారు.

"ఏమైందే?" అంది ఎర్లిందా.

"అమ్మా, పెట్టెయ్! లైను పెట్టెయ్!"

"పెడతాలే గానీ తిన్నావా?"

"అమ్మా!"

పెట్టేసిన మరుక్షణం మళ్ళీ మోగింది. ఈసారి మిస్ వాట్లీ.

"అందింది," అంది ఆవిడ, అంతే తీరిగ్గా. "ఆగస్టు అని ఉంది. సీలు కూడా చాలా... గట్టిగానే ఉంది. నేను లెక్క మళ్ళీ వేశాను. రెండు టర్ములూ పక్కకి పోయాయి. మూడు పాయింటు ఎనభై ఆరు."

నెరెయిదా ఫోనుని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. ఒరాలియా మోచేత్తో పొడిచింది.

"అంటే మిస్?"

"అంటే నవంబరు తొమ్మిది, గురువారం, పొద్దున్న ఎనిమిదింటికి ఇంటర్వ్యూ. వస్తారా?"

"వస్తానా? నడిచైనా వస్తాను!"

"నాలుగు వందల మైళ్ళండీ. బండిలోనే రండి." మొదటిసారి ఆ గొంతులో నవ్వు వినిపించింది. "ఒక్క మాట. ఆ మొదటి టర్ములో జీవశాస్త్రంలో మీకు 'ఏ' వచ్చింది. మంచి 'ఏ'. అది కూడా లెక్కలోంచి పోయింది, మీకు తెలుసుగా?"

"తెలుసు మిస్."

ఫోను పెట్టాక నెరెయిదా అరిచిన అరుపుకి వరండాలో నేల ఊడుస్తున్న మనిషి చీపురు వదిలేశాడు. కసాండ్రా గంతులేసింది. ఒరాలియా కళ్ళజోడు తీసి, గౌను అంచుతో తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచింది.

"కిటికీ అద్దం తుడిచినదాన్ని, నా కళ్ళజోడు తుడుచుకోలేనా," అంది. తరవాత గడియారం చూసి ఉలిక్కిపడింది. "నడు నడు. ఆఖరి పాట ఆలస్యంగా మొదలుపెడతారు. లిబోరియోని ఆ చపలచిత్తం విధవ ఎగరేసుకుపోతుంది."

"నేను యూనిఫాంలో ఉన్నాను మిస్."

"ఎనిమిది నెలలు బాకీ ఉన్నావు, ఒక పాటతో తీర్చెయ్."

దారిలో నెరెయిదా కేంద్రానికి ఫోను చేసింది. నవంబరు తొమ్మిదిన సెలవు కావాలంది. మేనేజరు, "సరేలే, గుర్తుపెట్టుకుంటాలే," అన్నాడు.

"గుర్తుపెట్టుకోవద్దు సార్," అంది నెరెయిదా. "కాగితమివ్వండి. రాసి, సంతకం పెట్టి వెళతాను. నాకో నకలు కూడా కావాలి."

పక్క సీట్లో ఒరాలియా తొడ చరుచుకుంది.

తల్లికి మాత్రం హాలు వాకిట్లో ట్రక్కు ఆపాకే చేసింది. లోపల్నించి అకార్డియన్ వినిపిస్తోంది. "పిలిచారమ్మా! పిలిచారు!" అంది. అవతలనుంచి ముందు ఇట్సెల్ కేక, దాని వెనక గిన్నె కింద పడ్డ చప్పుడు వచ్చాయి. ఎర్లిందా మాత్రం ముందు పొయ్యి కట్టేసింది.

"ఆ ఐదూ పోయాయా?" అంది తరవాత.

"పోయాయమ్మా. ఫ్రిజ్ మీదున్న 'ఏ' కూడా పోయింది. రెండూ కలిపే తీసేస్తారు."

"వాళ్ళ పుస్తకంలోంచి తీసుకోమను," అంది ఎర్లిందా. "నా ఫ్రిజ్ దగ్గరికి ఎవడొస్తాడో నేనూ చూస్తా."

ఫోనులో బిస్కట్ల డబ్బా తెరుచుకున్న చప్పుడు, ఆ వెంటనే కాగితం చిరిగిన చప్పుడు, నాలుగు మడతల మీద అడ్డంగా. ఒరాలియా అప్పటికే ట్రక్కు దిగి, ఎర్రగౌను ఎత్తిపట్టుకుని, "ఎడమ కాలు ముందు!" అని కేకేస్తూ తలుపు తోస్తోంది.